మూడు ఈలలు

గోదారి సముద్రంలో కలిసే ముందు లెక్కలేనన్ని పాయలుగా చీలిపోయే చోట ఒక మడ అడవి ఉంది. అక్కడి నేల సగం రోజు నేల, సగం రోజు నీళ్లు. పోటు వస్తే ఉప్పునీళ్లు చెట్ల నడుం దాకా ఎక్కుతాయి. పాటుకి అవి దిగిపోయి మోకాలి లోతు బురద మిగుల్తుంది. ఆ బురదలో ఎనిమిది నీటికుక్కలు ఒక గుంపుగా కాపురం ఉండేవి. నీటికుక్క అంటే మన వీధికుక్క చుట్టం కాదు. పొట్టి కాళ్లు, పొడుగాటి ఒళ్లు, తెడ్డు లాంటి తోక, ముసలి మునసబు మీసాల్లాంటి మీసాలు. చేపలు పట్టుకుని బతికే జాతి.

వాళ్లు చేపలు పట్టే తీరు చూసి తీరాలి. పాటు మొదలవగానే సన్న కాలువలోకి వచ్చిన చేపలన్నీ పెద్ద పాయలోకి జారుకోవాలని చూస్తాయి. అప్పుడు నలుగురు కాలువ పైకొసన దిగి తోకలతో నీళ్లు బాదుతూ వాటిని కిందికి తోలుతారు. ఇద్దరు చెరో గట్టు కాస్తారు. ఒకరు కాలువ పాయలో కలిసే మొగ దగ్గర నీళ్లడుగున అడ్డంగా పడుకుంటారు. ఎనిమిదోవారు మెరక మీద, కూనలున్న బొరియ దగ్గర కాపలా ఉంటారు. చేపలు మొగ దాకా వచ్చేసరికి అడుగున ఉన్నవారు ఒక్కసారి లేచి బురద చిలికేస్తారు. బెదిరిన చేపలు గట్టెక్కి పడతాయి. ఇంక తినడమే.

చెప్పడానికి తేలికే. కానీ ఆ బురదనీళ్లలో ఎవరి మూతి వాళ్లకే కనపడదు. పక్కవాడు తన చోట ఉన్నాడో, ఒడ్డున కూర్చుని ఒళ్లు ఎండబెట్టుకుంటున్నాడో చూసే వీల్లేదు. ఉన్నాడని నమ్మి తోక బాదాలి, అంతే.

అందుకే గుంపుని చాన్నాళ్లు నడిపిన ముసలి పైడమ్మ రెండే కట్టుబాట్లు పెట్టింది. మొగలో ఉన్నవారు ఒక పొడుగు ఈల వేసి మునిగాక, చేప గట్టున పడేదాకా ఎవరూ తల ఎత్తకూడదు. ఊపిరికి ముక్కు కొస తేల్చుకోవచ్చు గానీ తల ఎత్తితే ఆ చోట చేప వెనక్కి తిరిగిపోతుంది. రెండోది, మెరక మీద కాపలావారు వరసగా మూడు పొట్టి ఈలలు వేస్తే, నోట్లో చేప ఉన్నా వదిలేసి అందరూ బొరియ దగ్గరికి పరిగెత్తాలి. ఎందుకని అడగకూడదు. తర్వాత కూడా అడగకూడదు.

ఉత్తుత్తి ఈలలు పడకపోలేదు. నీడని చూసి ఒకడు, ఉడుముని చూసి ఇంకోడు ఈల వేసేవారు. ఆ పాటుకి చేపలన్నీ పాయలోకి పోయేవి. పైడమ్మ మెరక ఎక్కి, అటూ ఇటూ చూసి, "సర్లే, ఈ పూట పీతలు తిందాం పదండి" అనేది. వేసినవాడి మొహం కూడా చూసేది కాదు. ఆవిడ బతికున్నంత కాలం అది పెద్ద విశేషమని ఎవరికీ అనిపించలేదు.

పైడమ్మ పోయాక పెద్దరికం ఏడుకొండలుకి ఇచ్చారు. ఇవ్వక ఎవరికిస్తారు? ఆ గుంపులో అంత మెత్తని మనసు ఇంకెవరికీ లేదు. తన వాటా చేపలో తలకాయ తీసి ముసలివాళ్లకి పెట్టేవాడు. ఎవరి కాలిలో ముల్లు దిగినా తన కాలిలో దిగినట్టే మూలిగేవాడు. ఆ ఏడు గుంపులో కూనలున్నది నూకాలుకొక్కర్తికే, మూడు కూనలు. వాటిని వీపు మీద ఎక్కించుకుని ఈత నేర్పింది ఏడుకొండలే. నూకాలు ఆయనకి మరదలు వరస, మొగ కాసేది. దవడ గట్టిది, మాట అంతకంటే గట్టిది.

"మీరెవరూ ఇంక కష్టపడకూడదర్రా" అన్నాడు ఏడుకొండలు పెద్దరికం తీసుకున్న రోజున. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఆ నీళ్లు నిజమైనవే. ఈ కథలో చెడంతా ఆ నీళ్లు నిజమైనవి కావడం వల్లే వచ్చింది.

కార్తీకంలో ఒకనాడు పల్లయ్య కాపలా ఉన్నాడు. పల్లయ్యకి పీత కొరికేయడంతో ఒక చెవి లేదు గానీ చూపు మాత్రం గద్ద చూపు. అదురు గుండె మనిషి. ఆ పూట పాటుతో ఒక దుంగ కొట్టుకొచ్చి, మెరక పక్కన బురదలో కదిలినట్టయింది. పల్లయ్య మూడు ఈలలు వేసేశాడు. అందరూ పరిగెత్తుకొచ్చారు. దుంగ దుంగలాగే ఉంది. అవతల కాలువలో బలిసిన కొయ్యింగ చేపలు దారి చూసుకుని పోయాయి.

"దుంగని చూసి జడుసుకున్నావేట్రా?" అన్నారెవరో. కడుపు మండినవాళ్లు అనే మాటే అది. పూటలో మర్చిపోయే మాట.

పల్లయ్య తల దించుకోవడం ఏడుకొండలు చూశాడు. ఆయన గుండె చెరువైపోయింది. ఆ రోజంతా పీత నమల్లేకపోయాడు.

అవతలి గట్టు మీద నక్క గుర్నాథం కూర్చుని ఉన్నాడు. ఈ గుర్నాథం ఎవరితోనూ గొడవ పెట్టుకోని నక్క. నీటికుక్కలు వదిలేసిన చేప తలకాయలు ఏరుకుని, వెళ్లేముందు అందరికీ దణ్ణం పెట్టి మరీ వెళ్లేవాడు. నూకాలు మాత్రం వాణ్ణి చూస్తే పళ్లు నూరేది.

"ఏంటండీ, తవరు దిగులుగా ఉన్నారు?" అన్నాడు గుర్నాథం.

"ఏం లేదు గుర్నాథం. ఇంటిది ఎలా ఉంది?"

"ఏం చెప్పమంటారండి, మంచం పట్టిన లెక్కే. నాలుగు అడుగులేస్తే ఆయాసం. పొద అవతలికి కూడా రావట్లేదండి. నా బాధ సరే గానీ తవరి మొహం చూళ్లేకపోతన్నాను."

ఏడుకొండలు నిన్న మిగిలిన జెల్ల చేపని మూతితో అటు నెట్టాడు. "తీసుకెళ్లి పెట్టు. మా పల్లయ్య సంగతే. పాపం అందరి చేతా మాటపడ్డాడు."

"ఆయ్, చూసేనండి. నాకే కడుపు తరుక్కుపోయింది." గుర్నాథం జెల్లని కాలితో తొక్కిపట్టి కాసేపు ఆలోచించినట్టు తల వంచాడు. "తవరు పెద్దోళ్లు, నేను చెప్పేవాణ్ణి కాదు. కానీ ఆ మూడు ఈలల బరువు ఒక అదురు గుండె మనిషి మీద పెట్టేసి, తప్పైతే నింద కూడా ఆయన్నే మొయ్యమంటే... పైడమ్మగారంటే రాతి మనిషండి. తవరు అలాంటోరు కాదు కదా."

"అవును. నేను అలాంటోణ్ణి కాదు" అన్నాడు ఏడుకొండలు.

ఇంకేం చెప్పనక్కర్లేదని గుర్నాథానికి తెలుసు. జెల్లని కరుచుకుని, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. మర్నాటికి ఆ ఆలోచన తనదేనని ఏడుకొండలుకి గట్టి నమ్మకం కుదిరింది.

"ఒరే పల్లయ్యా, నీ మీద నాకేం కోపం లేదు" అన్నాడు అందరినీ పిలిచి. "ఇంక నిన్నెవరూ మాట అనకూడదు. అందుకని ఇవాళ్టి నుంచి కాపలావాళ్లు మూడు ఈలలు వెయ్యక్కర్లేదు. అనుమానం వస్తే ఒక్క ఈల వెయ్యండి చాలు. నేను తల ఎత్తి చూస్తాను. నిజమైతే మూడూ నేనే వేస్తాను. తప్పైతే ఆ తప్పు నాది. మీకు ఏ పాపం అంటదు."

కొందరికి ప్రాణం లేచొచ్చింది. పల్లయ్యకి లేచొచ్చిందో కూర్చుందో అర్థం కాలేదు.

"బావా, పైడమ్మ ఎప్పుడూ అడిగేది కాదు కదా" అంది నూకాలు.

"పైడమ్మకి మీరు పడే బాధ పట్టేది కాదే."

"వాడు ఒకటి వేసి, నువ్వు తల ఎత్తి, చూసి, నిజమో కాదో తేల్చుకుని, మూడు వేసేసరికి నక్క నా బొరియలో కాళ్లు చాపుకుంటుంది."

"నేను అంత గుడ్డివాణ్ణా? నా మీద నమ్మకం లేదా నీకు?"

ఆ మాటకి నూకాలు దగ్గర జవాబు ఉంది. కానీ తన కూనల్ని వీపు మీద మోసినవాడితో ఆ జవాబు చెప్పలేక ఊరుకుంది.

అప్పట్నుంచి ఏడుకొండలు కష్టం పెరిగింది. ఈల పడినప్పుడల్లా తల ఎత్తాలి. ఎత్తిన చోట చేప వెనక్కి పోతుంది. పోయిన చేపకి లోటు తీర్చాలని, ఎత్తిన తల ఎత్తినట్టే ఉంచి మిగతావాళ్లని కూడా ఒకసారి చూసుకునేవాడు. కుడిగట్టు వాడు కాస్త వెనకబడ్డట్టు అనిపిస్తే అటు ఈదుకెళ్లి, "ఇలా జరుగు నాయనా, నేను కాస్తాలే" అనేవాడు. నాలుగు చోట్లా తానే ఉండాలని ఈది ఈది, ఎక్కడా లేకుండా పోయేవాడు.

ఒకనాడు చేపల తోలకం మధ్యలో మొగ దాకా ఈదుకొచ్చాడు.

"నూకాలూ, కాలి నొప్పెలా ఉందే?"

నూకాలు బుడగలు వదుల్తూ పైకొచ్చింది. "ఇప్పుడా అడగడం? చేప ముక్కు మీదికొచ్చింది!"

"ముల్లు దిగిన కాలితో అలా పడుకుంటే నాకు మనసొప్పలేదు. నువ్వు గట్టెక్కు. ఈ పూట మొగ నేను చూసుకుంటా."

"ఆరేళ్ల నుంచి నా మొగ బావా ఇది."

"అందుకే చెప్తున్నా, కాస్త విశ్రాంతి తీసుకో తల్లీ."

ఆ మొగలో ఏ చోట గుంట ఉందో, చేప ఏ పక్కకి వంగుతుందో ఆయనకి తెలీదు. చేపలు ఆయన పొట్ట కిందనుంచి వరసకట్టి పోయాయి. ఆ సాయంత్రం అందరూ పీతలు తిన్నారు. ఏడుకొండలు తన పీత కూడా నూకాలు కూనలకి పెట్టి పస్తున్నాడు. అంత మంచివాణ్ణి ఏమనగలరు? కానీ మర్నాడు కుడిగట్టు వాడు తోక బాదే ముందు ఒకసారి తల ఎత్తి ఆయన వంక చూశాడు. బాదనా వద్దా అని. ఏడుకొండలు కళ్లతోనే బాదమన్నాడు. తనని అడుగుతున్నందుకు ముచ్చటపడ్డాడు కూడా.

గుర్నాథం ఇదంతా గట్టున కూర్చుని చూశాడు. ఇదివరకు ఎనిమిది జతల కళ్లు ఎనిమిది వైపులా ఉండేవి. ఇప్పుడు ఏడు జతలు ఒక్క మొహం మీదే ఉన్నాయి. అంటే ఏమార్చవలసింది ఒక్కణ్ణే. ఆ ఒక్కడూ అందరికంటే మంచివాడు. నక్కకి అంతకంటే ఏం కావాలి?

మర్నాటి నుంచి మెరక వెనక తిల్లచెట్ల దగ్గర ఏదో తోక కనపడి మాయమవడం మొదలైంది. పల్లయ్య ఒక్క ఈల వేసేవాడు. ఏడుకొండలు తల ఎత్తేసరికి ఆకు కూడా కదిలేది కాదు.

"ఏంట్రా చూసేవు?"

"తోక మావయ్యా. నక్క తోకే."

"ఏదిరా?"

"ఇందాక ఉంది."

ఒకసారి కాదు, వారంలో నాలుగుసార్లు. నాలుగోసారి అయ్యాక గుర్నాథం జెల్ల తలకాయ నములుతూ, "పల్లయ్యగారికి చూపు తగ్గిందేమోనండి. పొద్దస్తమానం ఎండలో కాపలా కదా, తప్పేముంది. తవరు నలుగురిలో ఒకసారి చెప్పేస్తే ఆయన్నెవరూ ఎగతాళి చెయ్యరు" అన్నాడు.

ఏడుకొండలు నలుగురిలో చెప్పేశాడు. ఎంతో ప్రేమగా, పల్లయ్య భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు. "మన పల్లయ్యకి కళ్లు కాస్త మందగించాయి. మన ఇంటి మనిషి. ఎవరూ ఏమీ అనకండి. వాడు ఈల వేస్తే కంగారు పడకండి, నేనున్నాను కదా."

తిట్టినా బాగుండేది. తిడితే ఎదురు తిరగొచ్చు, అలగొచ్చు. భుజం మీద చెయ్యి వేసినవాణ్ణి ఏం చేస్తారు? పల్లయ్య ఉన్న ఒక్క చెవీ వాల్చేసి, "అలాగే మావయ్యా" అన్నాడు. మర్నాడు ఒక నిజమైన ఉడుము కూనల వైపు పాకుతుంటే ఈల వెయ్యలేదు. తనే వెళ్లి బెదరగొట్టి వచ్చాడు. ఎవరికీ చెప్పలేదు.

పౌర్ణమి పోటు వచ్చింది. నెలలో పెద్ద పోటు. నీళ్లు ఎన్నడూ ఎక్కని చోటికి ఎక్కాయి. పాటు మొదలయ్యేసరికి మిట్టమధ్యాహ్నం. కాలువ నిండా చేపలు మసులుతున్నాయి. పండుగప్పలు కూడా ఉన్నాయని పైకొసన ఉన్నవాళ్లు గుసగుసలాడుకున్నారు. నెల్లాళ్లుగా అర్ధాకలితో ఉన్న గుంపు అది. నూకాలు కాలు నయమై మళ్లీ మొగలో దిగింది. మూడు కూనలూ బొరియలో పడుకున్నాయి. పల్లయ్య మెరక మీద కూర్చున్నాడు.

గుర్నాథం ఎప్పటికంటే ముందే వచ్చి అవతలి గట్టు మీద, ఎండలో, అందరికీ కనపడేలా కూర్చున్నాడు.

"ఇంటిది ఎలా ఉంది?" అని కేకేశాడు ఏడుకొండలు.

"తవరి దయండి! కాస్త లేచి కూర్చుంటోందండి!"

ఏడుకొండలు మనసు నిండింది. నూకాలు పొడుగు ఈల వేసి మునిగింది. నలుగురూ తోకలు బాదారు. కాలువ ఉడికినట్టయింది. ఇన్నాళ్ల తర్వాత అందరూ ఒక తీరున కదులుతున్నారని తోక చప్పుడు వింటుంటేనే తెలుస్తోంది.

అప్పుడు మెరక మీదనుంచి ఒక్క పొట్టి ఈల వినిపించింది.

ఏడుకొండలు తల ఎత్తాడు. ముందు గుర్నాథం కోసం చూశాడు. గుర్నాథం తన చోటనే కూర్చుని ఉన్నాడు. పైగా చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. ఈ అడవిలో లేచి తిరగగల ఒక్క నక్కా కళ్లెదుటే ఉంటే ఇంక భయం దేనికి? పల్లయ్య కళ్లు పాపం, అనుకున్నాడు. తల దించాడు.

రెండో ఈల పడింది. మొగ దగ్గర నూకాలు తల పైకి లేచింది.

"బావా?"

"ఏం లేదే. గుర్నాథం ఇక్కడే ఉన్నాడు, చూడు."

నూకాలు గుర్నాథాన్ని చూసింది. మెరక వైపు చూసింది. మొగ నుంచి చూస్తే మెరక మీద మడవేళ్లు తప్ప ఏమీ కనపడవు. మళ్లీ ఏడుకొండలు మొహం చూసింది.

"నిజంగా ఏం లేదా?"

"నా మాట మీద నమ్మకం లేదా నీకు? చేప వచ్చేస్తోంది, మొగ వదలకు."

నూకాలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత మునిగింది.

మూడో ఈల కాస్త ఆలస్యంగా పడింది. సన్నగా, తెగిపోయినట్టు పడింది. దానికి ఎవరూ తల ఎత్తలేదు. మొత్తం కలిపితే మూడు ఈలలే, కాకపోతే విడివిడిగా.

కొన్ని వెనక్కి తిరిగిపోయినా, ఆ పాటుకి పడినన్ని చేపలు పైడమ్మ రోజుల్లో కూడా పడలేదు. గట్టంతా వెండిలా మెరిసింది. ఏడుకొండలు అన్నింటికంటే పెద్ద పండుగప్పని నోట కరుచుకుని, కూనలకి తనే పెట్టాలని మెరక ఎక్కాడు. వెనకే అందరూ నవ్వుకుంటూ ఎక్కారు.

బొరియ ముందు బురదంతా చిలికి ఉంది. పల్లయ్య మడవేళ్లకి ఆనుకుని, ఒళ్లు అడ్డంపెట్టి పడుకుని ఉన్నాడు. భుజం చీరుకుపోయింది. ఆయన పొట్ట కింద ఒక కూన వణుకుతోంది. ఒక్క కూన.

ఏడుకొండలు నోట్లో చేప జారి పడింది.

"ఎవరు? ఎవర్రా?"

"ఆడనక్క మావయ్యా." పల్లయ్య గొంతు లేవట్లేదు. "ఒకదాన్ని పట్టుకెళ్లి మళ్లీ వచ్చింది. రెండోసారి కలబడ్డాను. అయినా పట్టుకుపోయింది. దీన్నొక్కదాన్నే దాయగలిగేను."

"దానికి జబ్బన్నాడే!"

ఏడుకొండలు పల్లయ్య మీదికి వంగాడు.

"నువ్వు దాన్ని ఎప్పుడు చూసేవు? ఎంత దూరంలో చూసేవు?"

"తిల్లచెట్ల దగ్గర ఉండగానే చూసేను. అందరూ వచ్చేసేంత దూరంలోనే ఉంది."

"మరి మూడు ఈలలు ఎందుకు వెయ్యలేదురా!" ఏడుకొండలు అరిచాడు. పెద్దరికం వచ్చాక ఆయన అరవడం అదే మొదలు.

పల్లయ్య ఆయన వంక వింతగా చూశాడు. "వెయ్యొద్దన్నావు కదా మావయ్యా. నువ్వు చూస్తానన్నావు కదా. తల ఎత్తేవు, చూసేవు, మళ్లీ దించేసేవు. నా కళ్లే బాలేవేమో, అది నక్క కాదేమో అనుకున్నాను. అది మొదటి కూనని నోట కరుచుకున్నాక కూడా నీవైపే చూసేను."

"వాణ్ణి అడక్కు" అంది నూకాలు. ఆమె ఏడవట్లేదు. మిగిలిన కూనని మెడ దగ్గర కరిచి దగ్గరికి లాక్కుని, నాకి శుభ్రం చేస్తోంది. "వాడు ఈల వేసేడు, నేను విన్నాను. పైడమ్మ ఉండగా అయితే వాడు మూడూ వేసేవాడు, నేను నోట్లో చేప ఉమ్మేసి ఎగిరొచ్చేదాన్ని. ఇవాళ నా పిల్లల దగ్గర ఈల పడితే నీ మొహం చూసేను. నీ మొహం చూసి మునిగేను."

"నేను మీ మంచికే..."

"తెలుసు బావా."

ఏడుకొండలు పరుగెత్తి కాలువ ఒడ్డుకి వచ్చాడు. గుర్నాథం లేచి ఒళ్లు దులుపుకుంటున్నాడు.

"ఒరే గుర్నాథం! నీ ఇంటిదానికి తిండి పెట్టేన్రా నేను!"

"ఆయ్, తవరు పెట్టిన జెల్లల బలమేనండి" అన్నాడు గుర్నాథం, వినయంగా. "లేకపోతే రెండుసార్లు తిరగగలదా అండి." ఎప్పటిలాగే దణ్ణం పెట్టి పొదల్లోకి వెళ్లిపోయాడు.

మర్నాడు ఏడుకొండలు అందరినీ పిలిచాడు. రాత్రంతా తనని తాను తిట్టుకున్నట్టు మొహం వాచి ఉంది. "తప్పు నాది" అన్నాడు. "ఇవాళ్టి నుంచి పైడమ్మ కట్టుబాటే. కాపలావాళ్లే మూడు ఈలలు వెయ్యండి. ఎవరూ అడగరు. నేను అసలే అడగను. ఎవరి చోటు వాళ్లదే. నేను మధ్యలో రాను."

"అలాగేనండి" అన్నారు అందరూ.

అండి! నిన్నటిదాకా మావయ్యా, బావా, ఒరే అన్నా అని పిలిచిన నోళ్లు. ఏడుకొండలు పల్లయ్య వైపు తిరిగాడు. "కాపలా నీదేరా. ఈ గుంపులో నీ చూపుకి సాటి లేదు."

"తవరు ఎలా చెప్తే అలాగండి" అన్నాడు పల్లయ్య.

ఆ పూట పోటు నిండుగా ఉండగానే నూకాలు మిగిలిన కూనని వీపు మీద ఎక్కించుకుని పెద్ద పాయలోకి దిగింది. పక్కనే పల్లయ్య, చీరుకుపోయిన భుజంతో, ఒక పక్కకి ఒరిగి ఈదడానికి సిద్ధమయ్యాడు. ఏడుకొండలు ఒడ్డున నిలబడ్డాడు. ఆపే మొహం ఆయనకి లేదు.

"ఎక్కడికెల్తారే? వాడు ఆ భుజంతో అంత పాయ ఈదలేడు. కనీసం కూననైనా నేను అవతలి ఒడ్డు దాకా మోస్తాను."

నూకాలు వెనక్కి తిరిగి చూసింది. "చూసేవా బావా? ఇప్పుడు కూడా వాడు ఈదలేడనే అంటన్నావు." కోపంగా అన్నా ఆయన భరించేవాడు. ఆమె అలసిపోయినట్టు అంది. "నీకు మా మీద ప్రేమ లేదని ఎవరైనా అంటే వాళ్ల నోరు నేనే కొరుకుతాను. కానీ ఒక్కరోజైనా మమ్మల్ని నమ్మలేదు నువ్వు."

ఇద్దరూ ఈదుకుంటూ వెళ్లిపోయారు. పల్లయ్య ఒరుగుతూనే, ఆగుతూనే, పాయ మొత్తం ఈదాడు. అవతలి ఒడ్డు ఎక్కేదాకా ఏడుకొండలు చూస్తూనే ఉన్నాడు.

మిగిలింది ఆరుగురు. బొరియలో కాపలా కాయడానికి ఇంక కూనలు లేవు. పాటు మొదలైంది. కుడిగట్టు వాణ్ణి మొగలో దిగమంటే, "అలాగేనండి" అని దిగి పొడుగు ఈల వేశాడు. ఏడుకొండలు ఒట్టు పెట్టుకున్నట్టే తల నీళ్లలో ముంచి కళ్లు మూసుకుని తోక బాదాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఆయన తోక చప్పుడు తప్ప ఇంకో చప్పుడు వినపడలేదు. ఎత్తకూడదు, ఎత్తకూడదు అనుకున్నాడు. చేపలు పొట్టకి రాసుకుంటూ ఎదురు దిశలో పోతున్నాయి.

చివరికి తల ఎత్తాడు.

కాలువ పొడుగునా ఐదు తలలూ నీళ్ల పైనే ఉన్నాయి. ఐదుగురూ ఆయన వంకే చూస్తున్నారు, ఏం చెయ్యమంటారండీ అన్నట్టు.

అవతలి గట్టు మీద గుర్నాథం, పక్కనే బలిసిన పెళ్లాం. కాసేపు చూసి, ఇంక ఇక్కడ తినడానికి ఏమీ లేదని లేచి వెళ్లిపోయారు.

నీతి: తనవాళ్ల మీద నింద పడకూడదని వాళ్ల నోటి ఈల తీసేసుకున్న పెద్ద, ఆపద వచ్చిన రోజున అందరి తరఫునా తానొక్కడే గుడ్డివాడవుతాడు.